ఏజెన్సీలో ఫ్లూ లేదని ఎవరు చూసి చెప్పారు?

"అడవిలో ఉండేవాళ్లకు ఫ్లూ ఏంటండీ, అది పట్నం జబ్బు కదా!" ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో చదువుకున్న నలుగురు కూర్చున్న చోట ఈ మాట ఏదో ఒక రూపంలో వినపడుతుంది. కాస్త పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లు దీన్నే కాగితం భాషలోకి మార్చి చెబుతారు. ఇన్‌ఫ్లుయెంజా కేసులు నగరాల్లోనే బయటపడుతున్నాయి గనక పరీక్షలు, ప్రయోగశాలలు అక్కడుంటే చాలంటారు. భద్రాచలం ఏజెన్సీలో మలేరియా, డెంగీ చూసుకుంటే సరిపోతుందంటారు. మరి బర్డ్ ఫ్లూ సంగతేమిటని అడిగితే, అది కోళ్ల ఫారాల గొడవ, పశుసంవర్ధక శాఖ చూసుకుంటుందని ఫైలు పక్కకు జరుపుతారు.

ఈ అభిప్రాయం మీద నా అభ్యంతరం ఒక్కటే: ఇది చూసి చెప్పిన మాట కాదు. ఏజెన్సీలో ఫ్లూ లేదని తేల్చిన పరిశోధన ఏదీ వీళ్లు మన ముందు పెట్టరు. చూపించేదల్లా కేసుల గడిలో ఒక సున్నా. ఆ సున్నా ఎన్ని పరీక్షల మీద వచ్చిందో వాళ్లు చెప్పరు, మనం అడగం. వెయ్యి మందిని పరీక్షిస్తే వచ్చిన సున్నా వేరు, ఒక్కరినీ పరీక్షించకుండా రాసుకున్న సున్నా వేరు. మొదటిది విజ్ఞానం, రెండోది నిర్లక్ష్యం. రెండింటికీ కాగితం మీద ఒకే గుర్తు ఉండటం వల్లే ఇన్నేళ్లుగా ఈ వాదం చెల్లుబాటవుతోంది.

అవతలివాళ్ల వాదనను పలచన చేసి కొట్టెయ్యడం ఖండన అనిపించుకోదు. మన తర్కశాస్త్రం పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో నిలబెట్టాకే సమాధానం చెప్పమంది. కాబట్టి వాళ్ల మాటలు వాళ్ల తరఫునే చెబుతాను. ఒకటి, కేసులు నమోదు కావడం లేదు. రెండు, ఫ్లూ జనసమ్మర్దంలో బతికే వైరస్, నలభై ఇళ్ల గూడెంలో దానికి నిలువ నీడ ఉండదు. మూడు, బర్డ్ ఫ్లూ వేలకు వేలు కోళ్లను కుక్కి పెంచే షెడ్ల జబ్బు, పెరట్లో తిరిగే నాటుకోళ్లకు దానితో పని లేదు. నాలుగు, ఫ్లూ అని తేలినా ఇచ్చేది పారాసెటమాలే, అలాంటప్పుడు పరీక్ష దండగ. అయిదు, చేద్దామన్నా ఆ అడవిలో, ఆ దారుల్లో సాధ్యం కాదు. పైకి చూస్తే అయిదూ సబబుగానే ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసుకుందాం.

మొదట ఆ సున్నా ఎలా పుడుతుందో చూడాలి. చర్ల మండలంలో తారు రోడ్డుకు దూరంగా ఉన్న ఏ గూడేన్నయినా తీసుకోండి. పిల్లవాడికి జ్వరం, పొడి దగ్గు, ఒళ్లు నొప్పులు. మొదటి రోజు ఇంటి వైద్యం. రెండో రోజు ఆశా కార్యకర్త వచ్చి వేలు గుచ్చి మలేరియా కిట్టు మీద రక్తపు చుక్క వేస్తుంది. కాసేపటికి కిట్టు మీద ఒక్క గీతే తేలుతుంది. మలేరియా కాదన్నమాట. బిళ్లలు చేతిలో పెట్టి, తగ్గకపోతే చెప్పమని వెళ్తుంది. మూడో రోజు ఆర్‌ఎంపీ బండి మీద వచ్చి ఒక సూది, ఒక సెలైన్. అయిదో రోజుకు డొక్కలు ఎగరేస్తుంటే అప్పుడు ఆటో, పీహెచ్‌సీ, అక్కణ్నుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రి. అక్కడ న్యుమోనియా అని రాసి ఆక్సిజన్ పెడతారు. బతికితే ఇంటికి. లేకపోతే మర్నాడు పత్రికలో "విషజ్వరంతో చిన్నారి మృతి" అని రెండు వాక్యాలు.

ఇప్పుడు వైరస్ వైపు నుంచి ఇదే కథ చూడండి. ఇన్‌ఫ్లుయెంజా ఒంట్లో దిగిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో జ్వరం మొదలవుతుంది. ముక్కులో, గొంతులో వైరస్ దండిగా దొరికేది జ్వరం వచ్చిన మొదటి మూడు నాలుగు రోజులే. ఆ తర్వాత పెద్దవాళ్లలో వేగంగా తగ్గిపోతుంది, చిన్నపిల్లల్లో మరికొన్నాళ్లు ఉంటుంది. అంటే స్వాబ్ తియ్యాల్సిన రోజులన్నీ మలేరియా కిట్టు దగ్గర, ఆర్‌ఎంపీ సూది దగ్గర గడిచిపోయాయి. ఆసుపత్రిలో ఎవరో శ్రద్ధగల డాక్టరు ఆరో రోజున స్వాబ్ తీయించినా పని అయిపోలేదు. ఆ పుల్లను రవాణా ద్రావణం ఉన్న గొట్టంలో పెట్టి, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో, మూడు రోజుల్లోపు ఆర్‌టీ-పీసీఆర్ ప్రయోగశాలకు చేర్చాలి. ఆలస్యమయ్యేట్టుంటే సున్నాకు దిగువన 70 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి ఉంచాలి. హైదరాబాద్‌కే పంపాల్సివస్తే భద్రాచలం నుంచి 300 కిలోమీటర్లకు పైగా దూరం. మధ్యలో ఐసు కరిగిందా, వైరస్ ఆర్ఎన్ఏ ముక్కలైపోవచ్చు. ఫలితం నెగెటివ్. ఆ నెగెటివ్ వెళ్లి సున్నాలో కలుస్తుంది. అప్పుడు మన పెద్దమనిషి లేచి, చూశారా, ఏజెన్సీలో ఫ్లూ లేదంటాడు.

ఇది ఊహ అనేవాళ్లకు 2003 గుర్తు చెయ్యాలి. ఆ ఏడు జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో, పిల్లలు జ్వరమొచ్చి, ఫిట్లొచ్చి, ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. 329 మంది పిల్లలకు జబ్బు చేస్తే 183 మంది దక్కలేదు. మెదడువాపు అనగానే అందరి నోటా వచ్చేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నమూనాలు చూశాక గానీ అది చాందీపుర వైరస్ అని తేలలేదు. ఆ వైరస్‌ను కనిపెట్టింది 1965లో, నాగపూర్ దగ్గర. దాదాపు నలభై ఏళ్లు అది ఎక్కడికీ పోలేదు, మనమే వెతకలేదు. పేరు తెలిసిన జబ్బుకే పరీక్ష చేస్తే పేరు తెలిసిన జబ్బే దొరుకుతుంది. అది కాదని తేలిన జ్వరానికి ఏ పేరూ పెట్టకుండా ఇంటికి పంపడం మనకు అలవాటైపోయింది.

రెండో వాదం జనసాంద్రత. ఇందులో సగం నిజముంది. నాలుగు పక్కలా అడవి ఉన్న చిన్న గూడెంలో ఫ్లూ వైరస్ తనంత తాను ఏడాది పొడవునా నిలవలేదు. అందరికీ ఒక చుట్టు వచ్చి, సోకడానికి మనుషులు లేక ఆరిపోతుంది. ఒప్పుకుంటాను. కానీ ఈ గూడేలు ఎవరితో సంబంధం లేకుండా బతుకుతున్నాయని ఎవరు చెప్పారు? జనవరి నుంచి మార్చి దాకా మన జిల్లాల్లో మిర్చి కోతలు. సుక్మా, బీజాపూర్ వైపు నుంచి గొత్తికోయ, మురియా కుటుంబాలు ట్రాక్టర్లలో, డీసీఎం వ్యాన్లలో నిలబడి వస్తాయి. చేల పక్కన పరదాలు కట్టుకుని నెలా రెండు నెలలుంటాయి. ఒక పరదా కింద నలుగురైదుగురు, ఒకే కుండలో నీళ్లు, చంకలో పిల్లలు. కాయ ఏరేవాళ్లకు ఘాటుకు రోజంతా దగ్గూ తుమ్మూ. కళ్లు ఎర్రగా ఉంటాయి, ముక్కు కారుతుంటుంది. ఏమైందని అడిగితే మేస్త్రీ "ఘాటండీ" అంటాడు, రైతూ అదే అంటాడు, కూలీ కూడా అదే నమ్ముతాడు. ఒళ్లు కాలుతున్నా అది ఘాటు ఖాతాలోకే పోతుంది. మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు పెరుగుతుంది. ఒకటి సరిగ్గా ఈ జనవరి-మార్చి నెలల్లో. కోతలు అయిపోగానే ఈ కుటుంబాలన్నీ సరిహద్దు దాటి, రోడ్డు లేని ఊళ్లకు తిరిగి వెళ్తాయి. ఫ్లూకు ఇంతకన్నా మంచి ప్రయాణ ఏర్పాటు విమానాశ్రయంలో కూడా దొరకదు.

రెండో పెరుగుదల వానాకాలంలో. అప్పుడు మనకు గోదావరి వరద. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ముంపు ఊళ్ల జనాన్ని పునరావాస కేంద్రాల్లో ఉంచారు. బడి గదుల్లో, హాళ్లలో, తడి బట్టలతో, పక్క పక్కనే పడకలు. వరద లేని ఏడూ ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు ఉండనే ఉన్నాయి. ఒక గదిలో వరసగా పడుకునే పిల్లల్లో ఒకడికి జ్వరమొస్తే వారంలో సగం గదికి వస్తుంది. దసరా సెలవులకు ఆ పిల్లలు తలా ఒక గూడేనికి వెళ్తారు. ఇక వారపు సంతలు, శ్రీరామనవమికీ ముక్కోటికీ భద్రాచలం వచ్చే జనం సంగతి చెప్పనే అక్కర్లేదు. గూడెం చిన్నదైతే వైరస్ అక్కడ కాపురం పెట్టదు, నిజమే. కానీ ఏటా రెండుసార్లు వచ్చి పోతుంది. రోగనిరోధకత లేని చోటికి వచ్చిన ప్రతిసారీ ఎక్కువ మందినే పడేస్తుంది.

ఫ్లూ విమానంలో వస్తుందన్న నమ్మకం మనకు 2009 నుంచి బలపడింది. ఆ ఏడు మే నెలలో దేశంలోనే మొదటి స్వైన్ ఫ్లూ కేసును హైదరాబాద్‌లో, అమెరికా నుంచి దిగిన ప్రయాణికుడిలో పట్టుకున్నారు. మంచి పనే. కానీ ఆ పట్టివేత వైరస్‌ను ఆపలేదు. ఆగస్టుకల్లా పుణెలో మరణాలు మొదలయ్యాయి, తర్వాత దేశమంతా పాకింది. ఒంట్లో వైరస్ ఉండీ ఇంకా జ్వరం రాని మనిషిని ఏ థర్మల్ కెమెరా గుర్తుపట్టగలదు? అసలు 2009 నేర్పిన పెద్ద పాఠం వేరే ఉంది. అప్పటికి కొన్నేళ్లుగా ప్రపంచమంతా ఆగ్నేయాసియా కోళ్ల వైపు చూస్తూ కూర్చుంది. మహమ్మారి మాత్రం మెక్సికో పందుల్లో తయారైంది. అక్కడి పందుల్లో ఫ్లూ నమూనాలు తీసి చూసినవాళ్లు ఆనాటికి చాలా తక్కువ. చూడని చోటే కొత్త రకం పుట్టింది, మనుషుల్లో పాకాక తెలిసింది.

మూడో వాదం బర్డ్ ఫ్లూ ఫారాల జబ్బన్నది. 2025 ఫిబ్రవరిలో ఈ మాట మన సరిహద్దులోనే పరీక్షకు నిలిచింది. తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం, ఏలూరు జిల్లా బాదంపూడి ఫారాల్లో చచ్చిన కోళ్లలో హెచ్5ఎన్1 ఉందని భోపాల్‌లోని జాతీయ పశురోగ ప్రయోగశాల తేల్చింది. అశ్వారావుపేట దాటితే ఏలూరు జిల్లాయే. తెలంగాణ అధికారులు సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల లారీలను వెనక్కి పంపారు. లారీ ఆగింది. మోటారు సైకిల్ హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడే నాలుగు కోళ్లను ఏ చెక్‌పోస్టు ఆపుతుంది? శబరి దాటే పడవలో బుట్ట కింద ఉన్న పుంజును ఎవరు అడుగుతారు? ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో, దాన్ని ఆనుకునే ఉన్న భద్రాచలం పట్టణం తెలంగాణలో, కొద్ది దూరంలో శబరి ఒడ్డున కోంట ఛత్తీస్‌గఢ్‌లో. సంక్రాంతి పందేలకు పుంజులు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేతులు మారతాయి. వలస నీటిపిట్టలకు ఈ గీతలేవీ లేవు.

నాటుకోళ్లు చావవా అంటే చస్తాయి. చచ్చినప్పుడు దానికి మన దగ్గర పేరు సిద్ధంగా ఉంది: కొక్కెర తెగులు. కోడి తూగుతూ నిలబడుతుంది, మేత ముట్టదు, ఆకుపచ్చగా పలచగా రెట్ట వేస్తుంది, మెడ వాలుస్తుంది, రెండు మూడు రోజుల్లో గూడెంలో సగం కోళ్లు పోతాయి. కొక్కెర తెగులు నిజంగానే ఉంది, ఏటా వస్తుంది. చిక్కేమిటంటే తీవ్రమైన బర్డ్ ఫ్లూ కూడా పైకి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. తురాయి, కాళ్లు కమిలినట్టు నీలమెక్కడం, తల వాయడం లాంటి తేడాలున్నా కంటితో చూసి ఏదో తేల్చడం పశువైద్యుడికీ కష్టమే. ప్రయోగశాలే తేల్చాలి. కానీ గూడెంలో ఇరవై కోళ్లు చస్తే భోపాల్‌కు నమూనా పంపేదెవరు? ఒక షెడ్డులో పదివేల కోళ్లు పోతే యజమాని పరిగెత్తుతాడు, బ్యాంకు పరిగెత్తుతుంది, పత్రిక పరిగెత్తుతుంది. పెరటి కోడి చస్తే ఇంటావిడ ఒక్కతే చూస్తుంది. తూగుతున్న కోడిని చచ్చేలోగా కోసుకుని వండుకుంటారు. ఆ కోడి వాళ్లకు ఆపదలో అక్కరకొచ్చే డబ్బు, దాన్ని పారెయ్యమనడం మనకు తేలిక. బాగా ఉడికిన కూరతో భయం లేదు. ప్రమాదమంతా ఆ ముందున్న పనిలో ఉంది. కోయడం, ఈకలు పీకడం, పేగులు తీయడం, పక్కనే ఆడుకునే పిల్లలు.

నరసరావుపేటలో ఏం జరిగిందో అందరూ చదివారు. 2025 మార్చిలో రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పుణె సంస్థ హెచ్5ఎన్1 అని ధ్రువీకరించింది. ఇంట్లో కూర చేస్తుండగా పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని వార్తలు వచ్చాయి. ఆ పాపది ఫారం కుటుంబం కాదు, వంటింటి దగ్గర ఆడుకునే మామూలు పిల్ల. ఆ బిడ్డను పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లగలిగారు, అక్కడివాళ్లకు అనుమానం వచ్చింది, నమూనా పుణె చేరింది. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అది కూడా న్యుమోనియా మరణంగానే మిగిలేది. దుమ్ముగూడెంలోనో చింతూరులోనో అదే జరిగితే ఈ మూడు మెట్లూ ఎక్కుతామని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలవారెవరు?

అడవి బిడ్డల్లో ఇలాంటి వైరస్ దొరకడం ఊహ కూడా కాదు, ఇప్పటికే జరిగింది. మహారాష్ట్ర మేల్‌ఘాట్‌లో కొర్కూ గిరిజనుల ఊళ్లున్నాయి. మన కోయ గూడేలకు అన్ని విధాలా సాటి. అక్కడ 93 ఊళ్లలో రెండేళ్లలోపు పిల్లల్లో ఆర్‌ఎస్‌వీ అనే మరో శ్వాసకోశ వైరస్ మీద అధ్యయనం నడుస్తుండగా, 2019లో 17 నెలల బాబు నమూనాలో హెచ్9ఎన్2 అనే కోళ్ల ఫ్లూ బయటపడింది. భారతదేశంలో మనిషిలో ఆ రకం దొరకడం అదే మొదటిసారి. బాబు కోలుకున్నాడు. ఒక్క సంగతి గమనించండి. దేశంలో ఇన్ని నగరాలు, ఇన్ని కార్పొరేట్ ఆసుపత్రులు ఉండగా ఆ మొదటి కేసు అడవిలో దొరికింది. కారణం, అక్కడ వేరే పని మీదైనా సరే ఎవరో ఇంటింటికీ వెళ్లి పిల్లల ముక్కుల్లోంచి నమూనాలు తీస్తున్నారు. చూశారు కాబట్టి కనపడింది. 2024 చివర్లో నాగపూర్ గోరేవాడ వన్యప్రాణి కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత చనిపోతే వాటిలోనూ హెచ్5ఎన్1 తేలింది. ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లోనూ దొరికింది. పులికి సోకిన వైరస్ పెరటి కోడి జోలికి రాదని నమ్మడానికి చాలా ధైర్యం కావాలి.

ఇక్కడ శాస్త్రం చెప్పే అసలు భయం కూడా చెప్పుకోవాలి. ఇన్‌ఫ్లుయెంజా ఎ జన్యుపదార్థం ఎనిమిది విడి ముక్కలుగా ఉంటుంది. మనిషి ఫ్లూ, పిట్ట ఫ్లూ ఒకే ఒంట్లో ఒకే కణంలోకి దూరితే ఆ ముక్కలు అటూ ఇటూ మారి కొత్త వైరస్ పుట్టవచ్చు. రెండు రకాల వైరస్‌లూ అతుక్కోగల కణాలు పంది శ్వాసనాళంలో ఉంటాయి. కోళ్లు, పందులు, మనుషులు ఒకే వాకిట్లో తిరిగే ఊరు మన దగ్గర ఎన్నో చోట్ల ఉంది. ఇది గిరిజనుల తప్పు ఎంతమాత్రం కాదు. కిక్కిరిసిన షెడ్లలో పెరిగిన వైరస్‌ను అడవికి చేరవేసేది మైదానపు వ్యాపారమే. తప్పు ఎవరిదైనా, మొదట తగిలేది ఆ వాకిలికే. అదే వాకిట్లో చచ్చిన కోడి నమూనా పశుసంవర్ధక శాఖ దారిలో భోపాల్ వెళ్లాలి, దగ్గే పిల్లవాడి నమూనా వైద్యశాఖ దారిలో పుణె వెళ్లాలి. కోడి సంగతి డాక్టరుకు, పిల్లవాడి సంగతి పశువైద్యుడికి తెలిసే దారి ఆ గూడెంలో ఏముంది?

నాలుగోది, పరీక్షతో వైద్యం మారదు కదా అన్న మాట. మారుతుంది. ఒసెల్టామివిర్ జబ్బు మొదలైన రెండు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆరోగ్యవంతుడైన కుర్రాడికి అది అవసరం లేకపోవచ్చు. గర్భిణికి అవసరం. సికిల్ సెల్ ఉన్న బిడ్డకు ఇంకా అవసరం, ఎందుకంటే ఆ పిల్లల్లో ఊపిరితిత్తులకు వచ్చే ఇన్‌ఫెక్షను త్వరగా ప్రాణం మీదికి తేవచ్చు. సికిల్ సెల్ మన గిరిజన కుటుంబాల్లో ఉందని ప్రభుత్వానికి తెలుసు, 2023 నుంచి జాతీయ కార్యక్రమమే నడుపుతోంది. ఆ బిడ్డల పేర్లు కార్డుల మీద ఉన్నాయి. ఈ వారం ఆ మండలంలో ఫ్లూ తిరుగుతోందని తెలిస్తే ఆ పేర్లున్న ఇళ్లకు ముందే కబురు పెట్టొచ్చు. తెలియకపోతే ఎవరికి చెబుతారు? పైగా నిఘా పరీక్ష అన్నది ఆ ఒక్క రోగి కోసం చేసేదే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి కూర్చుని వచ్చే సీజను టీకాలో ఏ రకాలు ఉండాలో నిర్ణయిస్తుంది. దేశదేశాల నుంచి వచ్చే ఇలాంటి నమూనాలే దానికి ఆధారం. మన టీకాలో ఏముండాలో అక్కడ నిర్ణయమవుతుంటే మన అడవి నుంచి ఒక్క నమూనా వెళ్లకపోవడం పొదుపు అనిపించుకోదు.

అయిదో వాదం, అడవిలో ఇదంతా సాధ్యం కాదన్నది. ఇది వింటే నాకు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. ఇదే అడవిలో మలేరియా పరీక్ష ఎలా సాధ్యమైంది? పొరుగున ఉన్న మల్కన్‌గిరి సహా మారుమూల ప్రాంతాల్లో ఒడిశా 2017 నుంచి దమన్ కార్యక్రమం కింద జ్వరం లేనివాళ్ల రక్తం కూడా పరీక్షించింది. బస్తర్‌లో ఛత్తీస్‌గఢ్ 2020 నుంచి ఇల్లిల్లూ తిరిగి అదే పని చేసింది. దేశంలో 2015లో సుమారు 11.7 లక్షలున్న మలేరియా కేసులు 2023 నాటికి రెండు లక్షల చిల్లరకు దిగాయి. ఆ తగ్గుదలలో గూడెంలో కిట్టు పట్టుకు తిరిగిన ఆశా కార్యకర్తల చెమట ఉంది. మలేరియా తగ్గేకొద్దీ మలేరియా కాని జ్వరాల వాటా పెరుగుతుంది. ఇప్పుడు అసలు ప్రశ్న ఆ జ్వరాలదే. ప్రయోగశాల లేదంటారా, టీబీ కోసం కొన్న చిన్న ట్రూనాట్ యంత్రాల మీదే కోవిడ్ రోజుల్లో దేశమంతటా కరోనా పరీక్షలు చేశారు. చేతులున్నాయి, యంత్రాలున్నాయి, దారి తెలిసిన మనుషులున్నారు.

ఇంకా వెనక్కి వెళ్తే 1957లో కర్ణాటక శివమొగ్గ అడవిలో కోతులు గుట్టలుగా చచ్చాయి, ఆ వెంట మనుషులకు జ్వరాలొచ్చాయి. అప్పటికి అయిదేళ్ల వయసున్న పుణె వైరస్ పరిశోధన కేంద్రం వాళ్లు అడవిలోకి వెళ్లి, చచ్చిన కోతులను, పిడుదులను పరీక్షించి క్యాసనూరు అడవి జ్వరం వైరస్‌ను పట్టుకున్నారు. పీసీఆర్ పుట్టని కాలం, జీపు దారి కూడా సరిగా లేని అడవి. జంతువు చావు మనిషికి ముందస్తు కబురని వాళ్లు నమ్మారు. దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత, సెల్‌ఫోను చేతిలో పెట్టుకుని మనం సాధ్యం కాదంటున్నాం.

ప్రతి దగ్గుకూ స్వాబ్ తియ్యమని నేనడగడం లేదు. మలేరియా, రక్తహీనత, టీబీ పక్కన పెట్టమనీ అనడం లేదు. అడిగేవి నాలుగే. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి మూడు నాలుగు రాష్ట్రాల గిరిజనులు వస్తారు కాబట్టి, అక్కడ ఏడాది పొడవునా వారానికి ఇన్ని అని లెక్క పెట్టుకుని జ్వరం-దగ్గు రోగుల నుంచి, ఆయాసంతో చేరిన వాళ్ల నుంచి నమూనాలు తీసి పరీక్షించాలి. ఆశ్రమ పాఠశాలలో ఒకే వారం కొద్దిమంది పిల్లలకు దగ్గుతో జ్వరం వస్తే మొదటి మూడు రోజుల్లోనే స్వాబ్ తీయాలి. వార్డెన్ మీద నింద పడుతుందన్న భయం పోతేనే ఆయన కబురు చేస్తాడు. గూడెంలో కోళ్లు ఒక్కసారిగా చస్తే ఆశా కార్యకర్తో గోపాలమిత్రో ఫోను చేయడానికి ఒకే నంబరుండాలి, ఆ కబురు పశువైద్యుడికీ పీహెచ్‌సీ డాక్టరుకూ ఒకేసారి చేరాలి. చంపించిన కోళ్లకే పరిహారమంటే అప్పటికే చచ్చిన కోళ్ల సంగతి ఎవరూ నోరెత్తరు, కబురు చెప్పిన ఇంటికి నష్టం రాకుండా చూడాలి. నాలుగోది అన్నింటికన్నా చవక. కేసులు ప్రకటించే ప్రతిసారీ ఎన్ని పరీక్షలు చేశారో కూడా ప్రకటించాలి.

ఇవన్నీ ఆసుపత్రి మనుషులే చెయ్యాలి. ఈ అడవిలో పేర్లు రాసుకునేవాళ్లంటే జనానికి భయం ఉంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. తీసిన నమూనా ఫలితం తిరిగి ఆ ఇంటికి చేరకపోతే రెండోసారి ఎవరూ ముక్కు చూపించరు. చూపించమనే హక్కూ మనకు ఉండదు.

ఈ ఉదాసీనతకు జోడీగా ఇంకొకటుంది, అది భయోత్పాతం. 2025 ఫిబ్రవరిలో కోడి తింటే చస్తామన్నంత పుకారు లేచింది, ధర పడిపోయింది, ఫారం యజమానులు ఉచితంగా చికెన్ పెట్టి నమ్మించాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి అందరూ మరిచిపోయారు. అతిగా భయపడటం, అసలు పట్టించుకోకపోవడం రెండూ ఒకే లోపం నుంచి వస్తాయి. చేతిలో అంకెలు ఉండవు. అంకెలున్న చోట భయం ఎంత పడాలో అంతే పడతాం.

1918లో ఈ దేశంలో ఇన్‌ఫ్లుయెంజాకు కోటి మందికి పైగా పోయారని చరిత్రకారుల అంచనా. ఆ చావుల్లో అధిక భాగం ఆసుపత్రి రికార్డుల్లో లేవు. 1921 జనాభా లెక్కల్లో పదేళ్ల కిందటి కన్నా జనం తగ్గి కనపడితే, ఎంతమంది పోయారో వెనక్కి లెక్కగట్టారు. ఆ రోజుల్లో భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ ఏజెన్సీలో, ఖమ్మం నిజాం రాజ్యంలో. నది ఒడ్డున ఏ గూడెంలో ఎందరు పోయారో చెప్పడానికి రెండు ప్రభుత్వాలకూ మనసు లేదు, పనిముట్లూ లేవు. ఇప్పటి ప్రభుత్వాలకు పనిముట్లు లేవనే సాకు చెల్లదు.

కాబట్టి ఏజెన్సీలో ఫ్లూ లేదనే పెద్దలతో నాకు పేచీ ఏమీ లేదు, వాళ్లు ఒక్క పని చేస్తే చాలు. వచ్చే జనవరి నుంచి డిసెంబరు దాకా భద్రాచలం ఆసుపత్రిలో, పది ఆశ్రమ పాఠశాలల్లో, మిర్చి చేల పరదాల కింద సకాలంలో స్వాబ్‌లు తీయించండి. కోళ్లు చచ్చిన గూడేల నుంచి నమూనాలు భోపాల్ పంపించండి. ఏడాది చివర సున్నా వస్తే ఆ సున్నాను నేనే పత్రికలో రాసి మీరు గెలిచారని ఒప్పుకుంటాను. అందాకా ఏజెన్సీలో ఫ్లూ లేదని అనకండి. ఏజెన్సీలో ఫ్లూ కోసం మేము వెతకలేదని అనండి. నిజం అదే గనక అలా అనడానికి మీకు ఇబ్బంది ఉండకూడదు. ఇబ్బందిగా అనిపిస్తే, వెతకడం మొదలుపెట్టడానికి ఆ ఇబ్బందే చాలినంత కారణం.